బారు దూరం, చుట్టు దూరం

(నరసాపురంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండి. మైకు కాస్త ఇటు జరపండి బాబూ... ఆ, చాలు.

పోయిన వారం ఇక్కడే, ఆ కిటికీ పక్కనున్న కంప్యూటరు దగ్గర డిగ్రీ చదివే కుర్రాడొకడు కూర్చున్నాడు. నేను పేపరు చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి, "మాస్టారూ, రాజమండ్రి నుంచి హైదరాబాదుకి విమానంలో ఎంత దూరమండీ? ఒకచోట 195 అని ఉంది, ఇంకోచోట 224 అని ఉంది, మరోచోట 360 అని ఉంది. ఏది కరెక్టు?" అన్నాడు. "మూడూ కరెక్టేరా" అన్నాను. రిటైరయ్యాక ఈయనకి లెక్కలు తప్పుతున్నాయి కాబోలు అన్నట్టు చూశాడండి నావైపు. (నవ్వులు) వాడు ఇవాళా వచ్చాడు, వెనక వరసలో ఉన్నాడు. పేరు చెప్పన్లే.

లైబ్రేరియన్ గారు అది విని, "అదే మీరు వారోత్సవాల్లో చెప్పండి" అని ఇరికించారు. కాబట్టి ఇవాళ్టి విషయం ఇదే. రెండు ఊళ్ళ మధ్య దూరం ఎంత, విమానానికి ఎంతసేపు పడుతుంది. ఫోన్లో కొడితే రెండు అంకెలు వచ్చేస్తాయి కదా, దీనికి ఉపన్యాసం ఎందుకు అంటారేమో. ఆ అంకె దేన్ని కొలిచిందో తెలియకపోతే అది ఉన్నా లేనట్టే. మా ఇంట్లో వాళ్ళం ఈ అంకెల వల్ల ఒకసారి డబ్బులు కూడా పోగొట్టుకున్నాం. అది తరవాత చెబుతాను.

ముందు కుర్రాడి లెక్క తేలుద్దాం. 360 అంటే కిలోమీటర్లు. 224 అంటే మామూలు మైళ్ళు. 195 అంటే నాటికల్ మైళ్ళు, అంటే ఓడల మైళ్ళు. మూడూ ఒకటే దూరం. ఓడ మైలు 1.852 కిలోమీటర్లు. ఎవడికి పుట్టింది ఈ వంకర అంకె అనుకోకండి. భూమి చుట్టూ 360 డిగ్రీలు, ఒక్కో డిగ్రీలో 60 నిమిషాలు. భూమి మీద ఉత్తర దక్షిణాలుగా ఒక నిమిషం మేర జరిగితే ఒక ఓడ మైలు. సముద్రం మీద మైలురాళ్ళు పాతలేరు కదండీ, ఆకాశంలో చుక్కల్ని చూసి కోణం కొలుచుకునేవాళ్ళు. కోణం తెలిస్తే దూరం తెలిసిపోవాలని ఆ మైలు పెట్టుకున్నారు. విమానాలవాళ్ళు అదే తెచ్చుకున్నారు. కెప్టెన్ అన్న మాటా, పోర్టు అన్న మాటా, వేగానికి నాట్లు అన్న మాటా అన్నీ ఓడల నుంచి ఎత్తుకొచ్చినవే.

ఓడలు మనకేం కొత్త కాదులెండి. 17వ శతాబ్దంలో ఇక్కడే, మన మాధవాయిపాలెం దగ్గర, సముద్రం దాటే ఓడలు కట్టేవారు. ఇంగ్లీషువాళ్ళకి ఇక్కడ కొఠీ ఉండేది, పాలకొల్లులో డచ్చివాళ్ళకి ఉండేది. ఇవాళ మనం గోదారి దాటడానికి పంటు ఎక్కే రేవు అది.

సరే, 360 ఎలా వచ్చిందో బోర్డు మీద చేసి చూపిస్తాను. ఏడో తరగతి లెక్కే. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి 81.82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శంషాబాదు 78.43 మీద. తీసేస్తే 3.39 డిగ్రీలు. అక్షాంశాల్లో తేడా చాలా తక్కువ, 17.11, 17.24. అంటే శంషాబాదు మధురపూడికి ఇంచుమించు నేరుగా పడమర. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశానికి 111 కిలోమీటర్లు. పైకి వెళ్ళేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి, పనస తొనల్లాగా. మన దగ్గర, 17 డిగ్రీల మీద, అది 106 చిల్లర అవుతుంది. 106.4ని 3.39తో గుణించండి. 360 వచ్చిందా? ఆ చిన్న అక్షాంశం తేడా కలిపినా ఒక కిలోమీటరు కూడా మారదు. అంతే. ఏ యాపూ అక్కర్లేదు, అట్లాసు ఉంటే చాలు. ఆ బీరువాలో ఉంది అట్లాసు, నాలుగేళ్ళుగా ఎవరూ తీసినట్టు లేదు, దుమ్ము చూస్తే తెలుస్తోంది.

ఇప్పుడు అదే రాజమండ్రి నుంచి సికింద్రాబాదుకి రైల్లో వెళ్ళండి. విజయవాడ మీదుగా వరంగల్లు, కాజీపేట చుట్టి వెళ్ళేసరికి 500 కిలోమీటర్లు అవుతుంది. మరి ఊళ్ళ మధ్య దూరం 360 అనాలా, 500 అనాలా? మన పెద్దవాళ్ళకి దీనికి మాటలున్నాయి. బారు దూరం, చుట్టు దూరం. కాకి ఎగిరి వెళ్ళేది బారు, మనిషి నడిచి వెళ్ళేది చుట్టు.

ఈ తేడా డెల్టావాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలియదండి. సఖినేటిపల్లి వెళ్ళాల్సినవాళ్ళు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. ఒకటి, రెండు... తొమ్మిది మంది. చూడండి, వీళ్ళ ఊరు గోదారి అవతల, మన రేవులో నించుంటే కనబడుతుంది. కేకేస్తే వినబడదుగానీ, సైకిలు మీద పోయేవాడు ఆడో మగో తెలుస్తుంది. పంటు మీద పది నిమిషాలు. పంటు లేదనుకోండి, వరదొచ్చి ఆపేశారనుకోండి. పాలకొల్లు వెళ్ళి, చించినాడ వంతెన ఎక్కి, దిండి దిగి, మలికిపురం మీదుగా రావాలి. ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. ఆ చించినాడ వంతెన 2001లో వచ్చింది. అంతకు ముందు ఇంకా చుట్టు. ఒక్క వంతెన రాగానే మ్యాపులో ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, మనుషులకి మాత్రం చుట్టరికాలు దగ్గరయ్యాయి. మా పెదనాన్నగారు రాజోలు సంబంధం వద్దన్నారండి అప్పట్లో, "గోదారి దాటించి పిల్లనివ్వను" అని. ఇప్పుడు ఆ పిల్ల కూతురు డల్లాసులో ఉంది. (నవ్వులు)

అటు యానాం వైపు కూడా అంతే. ఎదుర్లంక వంతెన రాకముందు అమలాపురం వాళ్ళు కాకినాడ వెళ్ళాలంటే పడవ దాటాలి, లేకపోతే రావులపాలెం వచ్చి చుట్టు తిరిగి వంద దాకా పోవాలి. ఇప్పుడు అరవై చిల్లర. ఆ వంతెనకి లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరు పెట్టారు. ఆయన పోయింది కూడా భీమవరం నుంచి హైదరాబాదు వెళ్తూనే. హెలికాప్టరు కైకలూరు దగ్గర కూలింది. 2002 మార్చి 3. ఆ రోజు మా బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతూ రేడియోలో విన్నాను. (కొంతసేపు మౌనం)

సరే.

విమానం బారున పోతుంది కదా, మరి బారు అంటే స్కేలు పెట్టి గీసిన గీతేనా? కాదు. ఇదిగో, దీనికోసమే సంచీలో పంపరపనసకాయ తెచ్చాను. మా దొడ్లోదే. ఈ తొడిమ ఉత్తర ధ్రువం అనుకోండి. నడుము దగ్గర భూమధ్యరేఖ. నడుముకి కాస్త పైన ఇక్కడ ఒక గుండుసూది గుచ్చుతున్నాను, ఇది హైదరాబాదు. ఇప్పుడు కాయని ఇంచుమించు వెనక్కి తిప్పి, కాస్త ఎత్తులో ఇంకో సూది, ఇది చికాగో. అమ్మా, మీ దగ్గర లేసు దారం ఉందన్నారు కదా, కాస్త ఇస్తారా? నరసాపురంలో దారానికి లోటా! ఈ సూదికి ముడేసి, ఆ సూది దగ్గరికి లాగి బిగిస్తాను. మీరు చూడండి దారం ఎక్కడికి జారుతుందో. నడుము చుట్టూ పడమరగా వదులుగా వేశాను... బిగిస్తున్నాను... చూశారా, జారి జారి తొడిమ పక్కకి ఎక్కేసింది. అదే బారు. గుండ్రటి వస్తువు మీద బిగించిన దారం ఎటు కూర్చుంటే అదే దగ్గరి దారి.

గోడ మీది మ్యాపులో స్కేలు పెడితే చికాగోకి అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోవాలనిపిస్తుంది. నిజానికి దగ్గరి దారి హైదరాబాదు నుంచి ఇంచుమించు నేరుగా ఉత్తరానికి. ధ్రువం దాపుకి వెళ్ళి, అటువైపు దిగుతుంది. 13,300 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా వాళ్ళు హైదరాబాదు నుంచి చికాగోకి ఎక్కడా ఆగకుండా వెళ్ళే సర్వీసు మొదలుపెట్టారు. మా వీధిలో ఒకావిడ మనవణ్ణి చూడడానికి వెళ్తూ, "అమెరికా పడమరన కదా, వీడేంటి హిమాలయాల మీదకి తీసుకెళ్తున్నాడు, దారి తప్పాడా" అని భయపడిందట సీటు ముందు మ్యాపు చూసి. ఆవిడకి కూడా తరవాత ఇదే కాయతో చెప్పాను.

కాయ పక్కన పెడదాం. ఇప్పుడు టైము.

మన మధురపూడి నుంచి పంకాల విమానాలు తిరుగుతాయి, ఏటీఆర్ అంటారు. గంటకి 500 కిలోమీటర్లు పోతుంది. 360ని 500తో భాగిస్తే 43 నిమిషాలు. టికెట్టు మీద చూడండి, గంటా పది, గంటా పావు అని ఉంటుంది. మిగతా అరగంట ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు. విమానం చక్రాల కింద దిమ్మలు పెడతారు, కదలకుండా. అవి తీసిన దగ్గర్నుంచి, అక్కడ మళ్ళీ పెట్టేదాకా లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. అందులో నేల మీద పాకడం ఉంది, రన్‌వే దగ్గర వంతు కోసం ఆగడం ఉంది, పైకి ఎక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ నిదానించడం ఉంది. కాస్త ఆలస్యమైనా టైముకే వచ్చాం అనిపించుకోవడానికి కంపెనీవాళ్ళు కలుపుకునే నాలుగు నిమిషాలూ ఉన్నాయి. అందుకే దగ్గర ఊళ్ళకి విమానం దండగలా కనిపిస్తుంది, దూరం పెరిగేకొద్దీ గిట్టుబాటు అవుతుంది. రాజమండ్రి నుంచి ఢిల్లీకి 2024 డిసెంబరులో నేరుగా విమానం వేశారు. అది బారున 1,360 కిలోమీటర్లు, హైదరాబాదుకి దగ్గర దగ్గర నాలుగింతలు. టైము మాత్రం నాలుగింతలు కాదు, రెండున్నర గంటల్లోపే. అది జెట్టు కూడాను, గంటకి 800 పైచిలుకు పోతుంది. రన్‌వే పొడుగు చేసి మూడు కిలోమీటర్లు దాటించాకే ఆ పెద్ద విమానాలు దిగడానికి వీలైంది.

ఇంకో తమాషా ఉంది. విమానం మామూలుగా గాలికి ఎదురుగా దిగాలి. శంషాబాదులో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. వానాకాలం గాలి పడమర నుంచి వీస్తుంది, మనం తూర్పు నుంచి వెళ్తాం కాబట్టి తిన్నగా పోయి దిగిపోవచ్చు. చలికాలం గాలి తూర్పు నుంచి. అప్పుడు ఊరు దాటి అవతలకి వెళ్ళి, వెనక్కి తిరిగి దిగాలి. "అదిగో ఎయిర్‌పోర్టు కనబడింది, దాటిపోయాడేంటి" అని మా ఆవిడ నా చెయ్యి గిల్లింది అందుకే.

గాలి సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఇదే అసలు రుచి.

వరద రోజుల్లో పడవవాడు ఏం చేస్తాడో మీరంతా చూశారు. అవతలి రేవుకి ఎదురుగా వదలడు. ముందు ఒడ్డు వారగా ఎగువకి ఎక్కిస్తాడు, గెడ వేసుకుంటూ. బాగా పైకి వెళ్ళాక అప్పుడు అడ్డం తిప్పుతాడు. నీరు కిందికి నెడుతూ ఉంటుంది, పడవ ముక్కు ఎగువకే ఉంటుంది, చివరికి సరిగ్గా రేవులో ఆనుతుంది. పడవ ముక్కు చూపించిన చోటు ఒకటి, చేరిన చోటు ఒకటి. ఏ కాలేజీలో చదివాడండీ వాడు? విమానం కూడా అచ్చంగా అంతే, పక్కగాలి ఉంటే ముక్కు గాలి వైపు తిప్పుకుని ఏటవాలుగా పోతుంది.

ఇక వాలూ, ఎదురూ. గోదావరిలో వాలుకి పోయే పడవకి సగం పని గోదారే చేస్తుంది. ఆకాశంలో కూడా నదులున్నాయి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, చలికాలంలో ఉత్తర భారతం మీద, పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి పారుతుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకి వంద, రెండు వందల కిలోమీటర్ల వేగం దానికి మామూలే. అందుకే గల్ఫ్‌కి వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వాలు. వానాకాలంలో మన దక్షిణాది మీద ఇంకా ఎత్తున ఇంకో నది పారుతుంది, అది తూర్పు నుంచి పడమరకి. దాన్ని పట్టుకుని లోకానికి చెప్పినవాడు మన తెలుగువాడేనండి, పి. కోటేశ్వరం గారు. 1958లో ఆయన పత్రం వచ్చింది. తరవాత దేశ వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యారు. మన పిల్లల పుస్తకాల్లో ఆ గాలి ఉంటుంది, ఆయన పేరు ఉండదు. అది నాకు బాధ.

ఈ వాలు ఎంత పని చేస్తుందో ఒక్క ఉదాహరణ. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా విమానం అట్లాంటిక్ మీదుగా వెళ్ళేది, 13,900 కిలోమీటర్లు, గాలికి ఎదురుగా. 2016 అక్టోబరులో ఒకరోజు దాన్ని తూర్పుగా, పసిఫిక్ మీదుగా పంపారు. 15,300 కిలోమీటర్లు. 1,400 కిలోమీటర్లు ఎక్కువ. పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాత దారికన్నా దగ్గర దగ్గర రెండు గంటల ముందు. అంటే చుట్టు దారే దగ్గరైంది. మన సామెత వినే ఉంటారు, తిన్నగా పోయేవాడికన్నా వాలుకి పోయేవాడు ముందు చేరాడని. (నవ్వులు) సామెత లేదా? అయితే ఇవాళ్టి నుంచి ఉంది.

ఇప్పుడు కువైట్. ఈ హాల్లో గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు ఉందా? మా చెల్లెలు పదకొండేళ్ళు చేసింది కువైట్‌లో. మొదటిసారి వెళ్ళినప్పుడు మా అమ్మ గోడ గడియారం కింద కూర్చుంది. హైదరాబాదులో పొద్దున్న పది గంటలకి విమానం లేచింది. చెల్లెలు దిగి ఫోను చేసి, "దిగానమ్మా, ఇక్కడ పన్నెండున్నర" అంది. మా అమ్మ లెక్క కట్టింది. రెండున్నర గంటలు! "నరసాపురం నుంచి బెజవాడ వెళ్ళేంత సేపే కదే, ఇంత దానికి ఎందుకు ఏడ్చాను" అంది. రెండేళ్ళకి తిరిగొచ్చింది. అక్కడ పదింటికి బయల్దేరుతున్నానంది, ఇక్కడ దిగేసరికి సాయంత్రం అయిదు. ఏడు గంటలు. మా అమ్మ కంగారుపడి, కాసేపు ఆలోచించి, "వచ్చేటప్పుడు సామాను బరువు కదా పాపం, నిదానంగా వచ్చుంటుంది" అని తేల్చింది. (నవ్వులు, చప్పట్లు)

నవ్వకండి, నాలుగు అట్టపెట్టెలు తెచ్చింది మా చెల్లెలు, దుప్పట్లూ, పాలపొడి డబ్బాలూ. అమ్మ తర్కంలో లోపం లేదు, గడియారాల్లో ఉంది. హైదరాబాదు నుంచి కువైట్ బారున 3,370 కిలోమీటర్లు. వెళ్ళడానికి అయిదు గంటలు, రావడానికి నాలుగున్నర, ఆ అరగంట గాలి ఇచ్చింది. మిగతాదంతా గడియారం. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. వెళ్ళేటప్పుడు అయిదులోంచి రెండున్నర పోయి రెండున్నర కనబడింది, వచ్చేటప్పుడు నాలుగున్నరకి రెండున్నర కలిసి ఏడు కనబడింది. టికెట్టు మీద రాసే టైములు ఎప్పుడూ ఏ ఊరి టైము ఆ ఊరిదే. అది గుర్తుంచుకుంటే చాలు.

ఆ రెండున్నర ఎక్కడిది? భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మన నరసాపురం 81.7 డిగ్రీల మీద ఉంది, కువైట్ 48 మీద. తేడా 33.7. నాలుగుతో గుణిస్తే 135 నిమిషాలు. అంటే మనకి నడినెత్తికి వచ్చిన సూర్యుడు వాళ్ళకి రెండుంపావు గంటల తరవాత వస్తాడు. సూర్యుడి లెక్క రెండుంపావు, గడియారం లెక్క రెండున్నర. ఆ పావుగంట దేశాలు తమ తమ గడియారాలకి గుండు లెక్క వేసుకోవడం వల్ల వచ్చింది. మన దేశం గడియారం 82.5 డిగ్రీల గీత మీద నడుస్తుంది, 1906 నుంచి. ఆ గీత కాకినాడ మీదుగా పోతుందని గైడుల్లో రాస్తారు. నిక్కచ్చిగా చూస్తే అన్నవరానికీ తునికీ మధ్య పోతుంది. దేశం మొత్తానికి టైము మన సత్యనారాయణస్వామి కొండ పక్క నుంచి వెళ్తోందన్నమాట. మన నరసాపురం ఆ గీతకి మూడు నిమిషాలు పడమర. పెళ్ళి ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారికి ఈ మూడు నిమిషాలు బాగా తెలుసు, మనకే తెలియదు.

డబ్బులు పోగొట్టుకున్న కథ చెబుతానన్నాను కదా. అదే చెల్లెలి రెండో ప్రయాణం. టికెట్టు తీసినవాడు కవరు మీద పెన్నుతో రాసిచ్చాడు, "17వ తేదీ, రాత్రి 12.40" అని. మా బావగారు 17 పొద్దున్న కులాసాగా కారు మాట్లాడి, సత్తెమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టించి, మధ్యాహ్నం భోజనాలు చేసి బయల్దేరారు. తాడేపల్లిగూడెం దాటుతుండగా నేను ఊరికే ఉండబట్టలేక అసలు టికెట్టు తీసి చూశాను. 17, 00:40 అని ఉంది. నా ఒళ్ళు చల్లబడింది. 17వ తేదీ పుట్టిన నలభై నిమిషాలకి ఆ విమానం వెళ్ళిపోయింది. మేం వీధరుగు మీద కూర్చుని రేపటికి కారు ఎవరిదా అని మాట్లాడుకుంటున్నప్పుడు. లెక్కల మాస్టార్ని, కవరు మీద రాత చూసి ఊరుకున్నాను. పక్కన దాబా దగ్గర కారు ఆపితే, మా చెల్లెలు ఏడవలేదు, ఆవకాయ పెట్టెకి కట్టిన తాడు ముడి విప్పుతూ కూర్చుంది. ఎందుకో తెలియదు, విప్పుతూనే ఉంది.

టికెట్టువాణ్ణి అడిగితే, "నేను కరెక్టే రాశానండీ, రాత్రి పన్నెండు నలభైయ్యే కదా" అన్నాడు. వాడిదీ పూర్తిగా తప్పనలేను. మనకి తెల్లారితేనే రోజు. పంచాంగంలో వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. రాత్రి పన్నెండు దాటినా మనకి అది శుక్రవారం రాత్రే, శనివారం కాదు. విమానాలవాళ్ళకి పన్నెండు కొట్టగానే కొత్త తేదీ. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి తరవాతే లేస్తాయి కాబట్టి ఈ గోతిలో మనవాళ్ళు ఎంతమంది పడ్డారో. టికెట్టు మీద గంటల చోట 00, 01, 02 ఉంటే ముందు రోజు పొద్దుగూకకుండానే ఎయిర్‌పోర్టు దారి పట్టండి.

టైము ఎంతైంది? ఏడా? ఇంకో పది నిమిషాలు.

ఇంతకీ నరసాపురం నుంచి హైదరాబాదు ఎంత దూరం? మా అబ్బాయి కూకట్‌పల్లిలో ఉంటాడు. మన గోదావరి జిల్లాలవాళ్ళలో సగం మంది అక్కడే ఉంటారు కదా. ఇక్కణ్ణుంచి అక్కడికి బారున 370 కిలోమీటర్లు. పోయిన సంక్రాంతి తరవాత వాడు పట్టుబట్టి విమానం టికెట్లు తీశాడు. నేను గడియారం పెట్టుకుని రాసుకున్నాను, అలవాటు ప్రాణం. తెల్లవారుజామున అయిదింటికి గుమ్మం దిగాం. మధురపూడి వంద కిలోమీటర్ల పైమాటే, పాలకొల్లు, రావులపాలెం మీదుగా రెండున్నర గంటలు. హైదరాబాదు పడమరన ఉంటే మేం ముందు ఉత్తరానికి పోతున్నాం, చూడండి విచిత్రం. అక్కడ గంటన్నర కూర్చున్నాం, పెట్టెలు ఇచ్చి, బెల్టులు విప్పి, మళ్ళీ పెట్టుకుని. విమానంలో గంటా పావు. దిగాక పెట్టె కోసం అరగంట. శంషాబాదు నుంచి కూకట్‌పల్లికి కారులో గంటా పావు. కొడుకు గుమ్మం ఎక్కేసరికి మధ్యాహ్నం పన్నెండు. మొత్తం ఏడు గంటలు. 370ని ఏడుతో భాగించండి. గంటకి 53 కిలోమీటర్లు.

అయిదు వందల వేగంతో పోయే విమానం ఎక్కి గంటకి 53 కిలోమీటర్లు వెళ్ళామండి! (నవ్వులు) మా ఆవిడ ఒక్క మాటే అంది, "రాత్రి నరసాపురం బండెక్కి పడుకుని ఉంటే పొద్దున్నకి లేచేవాళ్ళం, పూతరేకులు కూడా నలిగేవి కావు." అవి నిజంగానే పొడి పొడి అయిపోయాయి, స్పూనుతో తిన్నాం.

పూర్వం మా తాతగారు దూరం చెప్పమంటే కోసులూ ఆమడలూ చెప్పేవారు కాదు. "చుట్ట కాల్చేంత దూరం" అనేవారు. "పొద్దెక్కేలోపు చేరతావు" అనేవారు. అది తెలియనితనం అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. ఆయనకి కావాల్సింది తన గుమ్మం నుంచి అవతలి గుమ్మానికి ఎంతసేపు అన్నది. ఫోన్లో వచ్చే 360 మాత్రం రన్‌వే నుంచి రన్‌వేకి. ఆ రన్‌వే మీద మనవాళ్ళెవరూ కాపురం ఉండరు.

అలాగని విమానం దండగనడం లేదు. ఢిల్లీకైతే నేను విమానమే ఎక్కుతాను, రైల్లో రెండు రాత్రులు పడుకునే నడుము కాదిది. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు హైదరాబాదు దాకా ఎందుకు, గన్నవరం చూసుకోండి, 2022లో అక్కణ్ణుంచి షార్జాకి నేరుగా వేశారు. గన్నవరం అంటే విజయవాడ గన్నవరం అండోయ్, అక్విడక్టు ఉన్న మన పి.గన్నవరం కాదు. కోనసీమ పెద్దాయనొకరు "గన్నవరంలో విమానాలెప్పుడు దిగాయిరా, నిన్ననే వెళ్ళొచ్చాను" అన్నారు మరి.

ఎవరైనా ఏమైనా అడుగుతారా? ఏమ్మా, లేచి చెప్పు.

(ఒక విద్యార్థిని: మా అమ్మ కువైట్‌లో ఉందండి. రాత్రి పనయ్యాక, పదింటికి ఫోన్ చెయ్యమంటుంది. అప్పటికి నేను నిద్రపోతున్నాను, తిడుతోంది.)

అక్కడ పది అంటే ఇక్కడ పన్నెండున్నర తల్లీ. నిద్రపోక ఏం చేస్తావు? మీ అమ్మకి చెప్పు, పొద్దున్న పనిలోకి వెళ్ళేముందు, అయిదింటికి చెయ్యమను. ఇక్కడ ఏడున్నర అవుతుంది, నువ్వు జడ వేసుకుంటూ మాట్లాడొచ్చు. శుక్రవారం అక్కడ సెలవు దొరికితే ఇంకా మంచిది.

ఇంకెవరైనా? ఆ, సఖినేటిపల్లి వాళ్ళు లేస్తున్నారు. లేవండి, లేవండి, పంటు వదిలేస్తే పాలకొల్లు చుట్టి పోవాలి. ఏమండీ, ఆ లేసు దారం మీదే కదా, తీసుకోండి. కాయ మాత్రం పిల్లలెవరైనా పట్టుకెళ్ళండి, రెండు సూదులున్నాయి, చూసి ఒలుచుకోండి.